పలకిల్లు

వెలిగొండ కింద మంత్రాల బడిలో
పిల్లల్ని ఇళ్లకు పంచే రోజున
జాతకం చూడరు, చెయ్యి చూడరు.
బలపం ముక్క ఒకటి చేతికిచ్చి
"నీ పేరు రాయి" అంటారు.
వంకర లేకుండా రాసినోళ్లు గిత్తింటికి,
రాస్తుంటే బలపం చెమ్మగిల్లినోళ్లు గుండ్లకమ్మ ఇంటికి,
రాయకముందే పేరు వెలిగినోళ్లు దీపాలింటికి.

నేను బలపం తినేశాను.

పలకింటికి పంపారు.
అక్కడ అప్పటికే ముప్పై ఒక్కమంది
పళ్ల సందున తెల్లపొడితో కూర్చోనున్నారు.

మార్కాపురం గనుల్లో పనికిరావని పారేసిన
పెచ్చులతో కట్టిన ఇల్లు.
గోడలు నలుపు, కప్పు నలుపు,
ఎండాకాలం మధ్యాహ్నం ఆ గోడ మీద
జొన్నరొట్టె కాల్చుకోవచ్చు, కాల్చుకున్నాం కూడా.
గుమ్మం పక్కన దొండపాదు.
వార్డెను ఓబులమ్మ మొదటి పాఠం దాని నీడనే చెప్పింది:
"రాయడం ఎవరికైనా వస్తది.
మీరు తుడవడం నేర్చుకోండి."

గిత్తింటి పిల్లలు ఒకసారి
చీమకుర్తి నుంచి గ్రానైటు బండని
ఉత్త చూపుతో నడిపించుకొచ్చారు.
దారిలో టోల్‌గేటు వాడు చీటీ అడిగాడంట.
మేం దొండాకు నలుపుకుంటా
అఆలు తుడుస్తా ఉన్నాం.

మా విద్య ఇంతే.
పలక మీద రాసింది, రాత ఉన్నంతసేపే నిజం.
కరువు ఏడాది వెలిగొండయ్య "వాన" అని రాశాడు.
పడింది.
నాలుగు చినుకులు, సరిగ్గా అక్షరాల మీదే పడి
వాన వానని తుడిచేసింది.
బడంతా నవ్వింది.
అందులో ఒక చినుకు దొండపాదులో పడిందని
మేం లెక్క రాసుకున్నాం.

రెండో సంగతి ఓబులమ్మ ఆలస్యంగా చెప్పింది.
తుడిచింది యాడికీ పోదు,
తుడిచినోళ్లకి అంటుకుంటది.
"మీ అరచేతులు చూసుకోండి" అంది.

కాశింబీ వాళ్ల నాయన
పలకల ఫ్యాక్టరీలో రంపం దగ్గర ఇరవై ఏళ్లు.
పడుకుంటే ఊపిరాడదు,
గోడకి ఆనుకుని కూర్చునే నిద్రపోతాడు.
దసరా సెలవులకి పోయొచ్చిన కాశింబీ
ఎవరితోనూ మాట్లాడలేదు.
కరెంటు పోయిన రాత్రి
కొవ్వొత్తి ముందు పలక పెట్టుకుని
"నాయన దగ్గు" అని రాసింది.
దొండాకు తీసుకుంది.

ఇరవై ఏళ్ల దుమ్ము
పన్నెండేళ్ల పిల్ల ఊపిరిలోకి.

ముందుగా చూసింది ఏసోబు.
చటుక్కున పలక లాక్కున్నాడు.
కొట్టుకుంటారేమోనని మేం లేచాం.
వాడు మాట్లాడకుండా
గ కింద ఒత్తు మాత్రం తుడిచి
పలక నాకందించాడు.
నేను కొమ్ములో సగం తుడిచాను.
నా పక్కవాడు మిగతా సగం.
అట్లా చేతులు మారి, చాపలు మారి,
వేలికొసంత వేలికొసంత చెరుపుకుంటా పోయాం.
కాశింబీ వంతు కూడా వచ్చింది,
అందరికి ఎంతో తనకీ అంతే.
చివర తలకట్టు ఒకటి మిగిలితే
ఎప్పుడొచ్చి నిలబడిందో ఓబులమ్మ
చీర కొంగుతో తుడిచి
"ఇంక పడుకోండి" అంది.

ఆ రాత్రి ఇల్లంతా దగ్గింది.
ఒకరి తర్వాత ఒకరం, ఒక్కొక్కసారే,
హాజరు పలికినట్టు.
దీపాలింటోళ్లు కిటికీలు తీసి తిట్టారు.

మూడోరోజు ఫోనొచ్చింది.
కాశింబీ వాళ్లమ్మ ఏడుస్తోంది.
ఆయన వెల్లకిలా పడుకున్నాడంట,
గురక పెడుతున్నాడంట,
ఆ గురకకి తనకి నిద్రలేదంట.
ఇది ఎన్నాళ్లుంటదో ఓబులమ్మ చెప్పలేదు.
మేం అడగలేదు.

ఆ ఏడు కప్పు గిత్తింటికే పోయింది.
నాలుగిళ్లలో మేం నాలుగు.

ఇప్పుడు దర్శిలో కరెంటు మీటర్లు చూసే ఉద్యోగం నాది.
తెల్లారుజామున ఒక్క దగ్గు వస్తుంది, ఒక్కటే.
డాక్టరు ఎక్స్‌రే తీసి ఏమీ లేదన్నాడు,
అయినా మందు రాస్తానన్నాడు.
రాయొద్దన్నాను.

నిన్న ఒంగోలు బస్టాండు రద్దీలో
ఎవరో ఒకే ఒక్కసారి దగ్గారు.
మొహం కనపడలేదు.
సంచీ కింద పెట్టి
నేనూ ఒకసారి దగ్గాను.